ఫిజీలో బడి వదిలి వచ్చిన మావయ్య

మా చిన్నప్పుడు... మలేసియాలో, సుంగై పెటాని ఊళ్ళో మా ఇంటి ముందు ఒక మధ్యాహ్నం టాక్సీ ఆగింది. అందులోంచి మా మేనత్త, మావయ్య, వాళ్ళమ్మాయి శారద దిగారు. ముగ్గురికీ కలిపి రెండే పెట్టెలు...

అత్త మా నాన్నకు చెల్లెలు. ఫిజీ నుంచి మలేసియాకు చదువుకోవడానికి వచ్చిన తెలుగాయన్ని పెళ్ళి చేసుకుని ఆ దీవికి వెళ్ళిపోయింది. మా తాతల్ని ఇక్కడి రబ్బరు తోటలకు తెచ్చినట్టే, ఆయన తాతల్ని అక్కడి చెరకు తోటలకు తీసుకెళ్ళారట. మావయ్య అక్కడ ఒక బడికి హెడ్మాస్టరు.

ఆ ఏడు ఫిజీలో ఒక సైనికాధికారి తన మనుషులతో పార్లమెంటులోకి వెళ్ళి, అప్పుడే ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోశాడు. ఆ ప్రభుత్వంలో భారతీయులు ఎక్కువమంది ఉన్నారని ఆ దీవివాళ్ళలో కొందరికి కోపం... బజారులో మనవాళ్ళ కొట్ల అద్దాలు పగిలాయి. అత్త భయపడిపోయి, మావయ్యను బతిమాలి పుట్టింటికి బయల్దేరదీసింది.

"రెండు నెల్లే అన్నయ్యా... గొడవ సల్లారితే ఎల్లిపోతాం," అంది గుమ్మంలోనే.

"ఉండు లా... నిన్నెవరు పొమ్మన్నారు," అన్నాడు నాన్న, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

శారద నాకంటే ఏడాది పెద్ద. వదినా అని పిలవమంది అమ్మ. ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. ఆమె తెలుగులో హిందీ, నా తెలుగులో తమిళం, మలయ్... మొదటి వారమంతా ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైంది. ఆ సగంతోనే బోలెడు కబుర్లు చెప్పుకున్నాం.

కానీ శారదకు బడి దొరకలేదు. అత్త ఇక్కడే పుట్టినా, శారద బయటి దేశంలో పుట్టింది కాబట్టి తల్లి పౌరసత్వం కూతురికి రాదన్నారు. పొద్దున్నే నేను యూనిఫారం వేసుకుని వెళ్తుంటే గేటు పట్టుకుని నిలబడేది. సాయంత్రం మావయ్య నా పుస్తకాలే ముందేసుకుని మా ఇద్దరికీ పాఠం చెప్పేవాడు. బడంతా నడిపిన మనిషికి మేమిద్దరమే మిగిలాం...

ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, రేడియో పక్కన కూర్చునేవాడు. ఒకసారి అమ్మ అడిగింది.

"ఎక్కడికన్నా ఎల్తన్నారా అన్నయ్యా?"

"లేదమ్మా... అలవాటు," అన్నాడు.

నాలుగో నెలలో ఫిజీ నుంచి ఉత్తరం వచ్చింది. అంతా సర్దుకుంది, బడి నడుస్తోంది, మీ కుర్చీ ఖాళీగానే ఉంది, రమ్మని... అత్తకు ఇష్టం లేదు.

"మళ్ళీ ఏటన్నా అయితే?" అంది.

"పిల్ల సదువు పోతంది. అక్కడైతే బడుంది," అన్నాడు మావయ్య. శారద ఎదిగిందని అత్త దాని స్కూలు గౌను అంచు విప్పి పొడుగు చేసింది. పెట్టెలు సర్దారు.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు, పొద్దున వార్తల్లో చెప్పారు. అదే సైన్యం, అదే అధికారి... మళ్ళీ అధికారం లాక్కున్నాడట. మావయ్య వార్తలన్నీ ఆఖరిదాకా విన్నాడు. తర్వాత లోపలికెళ్ళి పెట్టె తెరిచి, చొక్కాలు ఒక్కొక్కటీ తీసి దండెం మీద వేశాడు.

"ఏటి నాన్నా... ఎల్లమా?" అంది శారద.

"ఎల్తాం. ఇప్పుడు కాదు."

మర్నాటి నుంచి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. పగలు కూడా బనీను, లుంగీతోనే ఉండేవాడు. రేడియో పెడితే లేచి పెరట్లోకి వెళ్ళేవాడు. అత్త చేతితొడుగుల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. మావయ్యకు పని చేసే అనుమతి లేదు. వీసా పొడిగించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఇంకా ఎన్నాళ్ళుంటారని అడిగేవారట. "ఏటి సెప్పను బావా... నాకు తెలిస్తే కదా," అనేవాడు నాన్నతో.

మేం పాఠాల కోసం వెళ్ళి కూర్చుంటే మాత్రం కాదనలేదు... గొంతు బాగా తగ్గిపోయింది, అంతే.

ఏడాదిన్నర తర్వాత, వాళ్ళు పెట్టుకున్న అర్జీకి న్యూజిలాండ్ రమ్మంది. విమానాశ్రయంలో అత్త అమ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వు ఒక్క మాటనలేదు వదినా... కానీ ఇంక ఎవరింటా ఉండలేను," అంది. శారద, నేను ఏడవలేదు. సెలవులకు కలుస్తామనుకున్నాం...

అక్కడ మావయ్య ఒక గిడ్డంగిలో పెట్టెలు సర్దే పనిలో చేరాడు. మళ్ళీ బడిలో అడుగుపెట్టలేదు. తర్వాత కూడా ఫిజీలో ప్రభుత్వాలు పడిపోయాయి... ఒకసారి తుపాకులతో వచ్చినవాళ్ళు, ఇంకోసారి మళ్ళీ సైన్యం. నేను ఫోన్ చేస్తే, "మనవాళ్ళు సగం మంది ఎల్లిపోయినారమ్మా. బడిలో పిల్లలే లేరంట," అన్నాడు. తిట్టలేదు, బాధపడినట్టూ వినిపించలేదు. అలసిపోయాడంతే. మూడేళ్ళ క్రితం న్యూజిలాండ్‌లోనే పోయాడు.

పోయిన నెల శారద వదిన కౌలాలంపూర్ వచ్చింది. అక్కడి భారతీయుల పేట బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఇద్దరం దోసెలు తింటున్నాం. హోటలాయన తమిళంలో మీది ఏ ఊరని అడిగాడు. నేను సుంగై పెటాని అన్నాను. వదిన "ఫిజీ," అంది. ఆయన వెళ్ళాక నావైపు చూసి, "అక్కడున్నది పదేళ్ళే... అయినా నోటికి అదే వచ్చింది," అని మెల్లగా తినడం మొదలుపెట్టింది.

ఇప్పుడు చుట్టాలొస్తే ముందే హోటల్ గది తీసుకుంటున్నారు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద సర్దుకుని బతికిన రోజులు ఇంక రావు... మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. వాళ్ళకు మావయ్య కథ ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది.

మీ ఇంట్లో కూడా ఇలా దేశం పోగొట్టుకుని వచ్చి కొన్నాళ్ళు తలదాచుకున్నవాళ్ళు ఉంటే... వాళ్ళ గురించి నాలుగు మాటలు కింద రాయండి. తీరిగ్గా కూర్చుని చదువుతాను.