మూసిన షెడ్డులో పొట్టు పొయ్యి

ఆ చలికాలం ఉదయం తిరువళ్ళూరులో కొన్న కోడిపిల్లల పెట్టె ఒళ్ళో పెట్టుకుని తిరుత్తణి రైలెక్కాను. ఎదుటి బల్ల మీది ముసలావిడ కిచకిచలు విని, "ఈ చలికి తట్టుకుంటాయా నాయనా?" అంది.

"షెడ్డు వెచ్చగా ఉంటాదవ్వా. రేకు డబ్బాలో చెనక్కాయ పొట్టు కూరి రాజేసినాము. వేడి పోకుండా కిటికీలన్నిటికీ గోనెపట్టాలు బిగించినాను," అన్నాను గొప్పగా.

"పొయ్యికాడ ఎవురుండారు?"

"నా పెండ్లాం."

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా చెల్లెలు అట్లే మూసిన గదిలో పొట్టు పొయ్యి పెట్టుకొని పడుకొనింది. మళ్ళా లెయ్యలేదు. దిగినాక పరిగెత్తు నాయనా."

అరక్కోణంలో ఆగిన రైలు ఎంతకీ కదల్లేదు. నేను తలుపు దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. ఆవిడే పెట్టెను తన ఒళ్ళోకి తీసుకుంది.

తిరుత్తణిలో రైలు ఆగకముందే దూకి పరిగెత్తాను. షెడ్డులో రాజమ్మ గోడకు ఒరిగిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. బయటికి ఈడ్చుకొచ్చి ముఖాన నీళ్ళు కొట్టాను. వాంతి చేసుకుని, చాలాసేపటికి కళ్ళు తెరిచి, "పిల్లలు యాడ?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది పెట్టె. ఆమె తేరుకున్నాక స్టేషనుకు వెళ్ళాను. ఎవరో అవ్వ దించి అప్పగించి, అదే రైల్లో వెళ్ళిపోయిందని పోర్టరు చెప్పాడు. పెట్టె మీద ఆవిడ కప్పుకున్న దుప్పటి ఉంది. పిల్లలకు గాలి ఆడేలా దాని అంచు ఒకపక్క పైకి మడిచి ఉంది.