మొదటి బటన్

నా చిన్నప్పుడు, వాకాడు దగ్గర మా పల్లెలో, మా ఇంటి ముందుగదిలో బీరువాలాంటి పాత వాల్వుల రేడియో ఉండేది. మా తాతయ్య గూడూరులో ఒక అభ్రకం వ్యాపారి ఇంట్లో వంట చేసేవాడు. ఆ బంగళా అమ్మేసినప్పుడు యజమాని దాన్ని తాతయ్యకు ఇచ్చేశాడట. ముందువైపు ఆరు బటన్లు. ఒకటి నొక్కితే లోపల చిన్న మోటారు తిరిగి, ముల్లు తనంతట తానే జరుగుతూ పోయి ఆ స్టేషను దగ్గర ఆగేది. మొదటి బటన్ వార్తలది.

ఊళ్ళో ట్రాన్సిస్టర్లు లేకపోలేదు. కానీ మబ్బు పట్టిన రోజు వాటిలో గరగర తప్ప ఏమీ వచ్చేది కాదు. అందుకని వాయుగుండం కబురు మా రేడియోలో విని, తాతయ్య ఒడ్డున ఉన్న సరుగుడు చెట్టు కొనకు ఎర్రచీర కట్టించేవాడు. వలలు వేస్తున్నవాళ్ళు దాన్ని చూసి వెనక్కి తిరిగేవాళ్ళు. ఒకసారి ఎవరో చెప్పింది నమ్మి చీర కట్టిస్తే అందరూ ఖాళీ వలలతో వచ్చారు, గాలి మాత్రం రాలేదు. నెలరోజులు ఆయన్ను ఎర్రచీర పెద్దాయన అని ఏడిపించారు. ఆ తర్వాత సొంత చెవులతో వింటే తప్ప చీర కట్టించనని ఒట్టు పెట్టుకున్నాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. మా నాయన పొద్దున్నే పడవ మీద వెళ్ళాడు. అవ్వ ఎర్రచీర మడత చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వార్తల వేళకు తాతయ్య రేడియో పెట్టాడు. వాల్వులు వేడెక్కేదాకా ఆగాడు. మొదటి బటన్ నొక్కాడు. ముల్లు కదిలింది, వార్తల చోటు దాటిపోయి సినిమా పాట దగ్గర ఆగింది.

అది నా పనే. రెండు రోజుల ముందు, చివరి బటన్‌కు పాటలు వచ్చేటట్టు చేద్దామని రేడియో వెనక బటన్‌కొకటి చొప్పున ఉన్న మరల్లో చివరిది తిప్పాను. మరమ్మతుకు వచ్చినాయన అలా తిప్పడం చూశాను మరి. చివరి బటన్‌లో మార్పేమీ లేకపోయేసరికి నా వల్ల కాలేదనుకుని వదిలేశాను. వెనకనుంచి చూస్తే చివరిది ముందువైపుకు మొదటిదవుతుందని అప్పటిదాకా తట్టలేదు.

తాతయ్య మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పాటే. పక్కింటి మామ కిటికీలోంచి తొంగిచూసి, "ఏం పెద్దాయనా, తుఫానుకు పాట పెట్టి పిలస్తా ఉండావా?" అన్నాడు. తాతయ్య నవ్వలేదు. స్టేషనే పడిపోయినట్టుంది అన్నాడు. కరెంటు ఒకసారి పోయినట్టే పోయి వచ్చింది. చీర కట్టించమని అవ్వ బతిమాలింది. వినకుండా ఎట్లా కట్టేది అంటూ ఆయన మూడోసారి నొక్కాడు.

"తాతా, వెనక మర నేనే తిప్పినా."

ఎందుకని కూడా అడగలేదు ఆయన. "అట్నా. అయితే స్టేషను ఉంది. నా చెవులు మందం, నువ్వు రా" అంటూ నా చేతిని ముల్లు తిప్పే గుబ్బ మీద పెట్టాడు. నేను తిప్పుతున్నాను, గరగర, ఎవరిదో అరవ మాట, మళ్ళీ గరగర. దాని అడుగున సన్నగా తెలుగు వినబడింది. వాయుగుండం తీరానికి దగ్గరవుతోంది, జాలర్లు సముద్రం మీదకు పోకూడదు. తాతయ్య చెవి ఆనించి ఆ ముక్క తానూ విన్నాడు. మేం వెనక్కి తిరిగి చూసేసరికి అవ్వ గుమ్మంలో లేదు, చీరతో ఒడ్డుకు పరుగెడుతోంది.

నాయన పడవ అన్నిటికంటే చివర వచ్చింది. పడవను ఇసుక మీదకు లాగేటప్పటికే నిలబడలేనంత గాలి.

ఆ సాయంత్రం తిట్ల కోసం కాచుకుని కూర్చున్నాను. తాతయ్య నన్ను రేడియో వెనక్కి తీసుకుపోయి, మరలు చూపించి, మొదటి బటన్ నా చేతనే సరిచేయించాడు. అప్పుడు అడిగాడు, ఆయన ఎన్నిసార్లు నొక్కాక చెప్పానని. మూడుసార్లు అన్నాను.

"ఇంకోసారి ఇట్లా అయితే మొదటిసారికే చెప్పు."

ఇప్పుడు మా పాపకు నాలుగేళ్లు. ఏం మింగేసిందో, దేని మీదనుంచి పడిందో అని రోజంతా నాకు భయమే. అది పెదాలు బిగించి నా ముఖంలోకి చూసిందంటే ఏదో దాస్తోందని తెలిసిపోతుంది. అయినా గొంతు పెంచను. దాని పక్కన కింద కూర్చుంటాను. నేను అరిస్తే అది ఇంకాసేపు దాస్తుంది, ఆ కాసేపట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు.