లిఫ్టక్క అడిగిన ప్రశ్న

ఆ పెద్దాసుపత్రిలో ఆమెను అందరూ లిఫ్టక్క అనే పిలిచేవారు. పాతకాలపు లిఫ్టు కావడంతో దాన్ని నడపడానికి ఒక మనిషి ఉండాల్సిందే. ఇనుప కటకటాల తలుపు జరపాలి, మీట తిప్పాలి, గడపకు సమంగా ఆపాలి. మూలన ఎత్తుపీట వేసుకుని లిఫ్టక్క పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని చేసేది. "రోజంతా ప్రయాణమే గానీ ఊరు మాత్రం దాటను" అని తన మీద తనే జోకు వేసుకునేది.

ఆమెకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. ఏ సంగతైనా సగం తెలిస్తే మిగతా సగం తెలిసేదాకా కాలు నిలవదు. "నీ నోట్లో ముద్దయినా ఉంటుంది, ప్రశ్నయినా ఉంటుంది. ఖాళీగా ఉండగా నేను చూడలేదు" అనేది అత్తగారు.

ప్రార్థన కూటంలో ఆడవాళ్ళు సాక్ష్యం చెప్పేటప్పుడు "ప్రభువు నాతో మాట్లాడాడు" అనడం లిఫ్టక్క ఏళ్ళ తరబడి వింటూనే ఉంది. తనూ పుట్టిందగ్గరనుంచీ చర్చికి వెళ్తున్నదే, పాటలు పాడుతున్నదే. కానీ ఏ గొంతూ ఎన్నడూ వినలేదు. ఒకసారి కూటం అయ్యాక, టీ కప్పులు కడుగుతున్న ఆడపడుచు పక్కన చేరింది.

"వదినా, ఒకటడుగుతాను, నవ్వకూడదు. ఆయన నీతో మాట్లాడాడన్నావు కదా, ఆ గొంతు ఎలా ఉంటుంది? చెవికి వినపడుతుందా, లోపలెక్కడో వినపడుతుందా?"

"అదేం ప్రశ్న? తెలుస్తుందంతే."

"తెలుస్తుందంటే ఎలా తెలుస్తుంది? మా ఇంటాయన పక్కగదిలోంచి పిలిస్తేనే నాకు ఓ పట్టాన తెలియదు."

"విశ్వాసం ఉంటే తెలుస్తుంది" అనేసి వదిన కప్పులు బోర్లించడంలో పడింది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మరుసటి వారం లిఫ్టక్క కాస్త ముందే చర్చికి వెళ్ళింది. పాస్టరుగారు ఊగుతున్న బల్ల కాలికి మేకు కొడుతున్నారు. ఆమె తన ప్రశ్న ఆయన ముందు పెట్టింది. ఆయన సుత్తి పక్కన పెట్టారు.

"చెవితో నేనెప్పుడూ వినలేదమ్మా. ఇంతవరకూ ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. సరేగానీ, మీ అత్తగారి అడుగుల చప్పుడు నువ్వు గుర్తుపడతావా?"

"పట్టకపోవడమా? కోపంగా నడుస్తోందో, మామూలుగా నడుస్తోందో కూడా చెప్పేస్తాను."

"ఎవరు నేర్పారు?"

"నేర్పేదేముందండీ, ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా."

"ఇదీ అంతే. రోజూ కాస్త సువార్త చదువు. ఆయన ఎవరి దగ్గర ఆగుతున్నాడో, ఏ తీరున మాట్లాడుతున్నాడో గమనించు. తర్వాత నీలో ఏదైనా మాట మెదిలితే, అది ఆయన తీరులా ఉందో లేదో పోల్చుకో. తేలకపోతే ఇంట్లో పెద్దవాళ్ళనడుగు. తొందర మాత్రం పడకు."

అప్పటినుంచి లిఫ్టక్క ఇల్లు లేవకముందే వంటింట్లో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. చిన్నప్పటినుంచీ విన్న కథలే అయినా, ఇలా నిదానంగా చదువుతుంటే ఒక సంగతి కంటపడింది. ప్రభువు అడుగడుగునా ప్రశ్నలే వేస్తున్నాడు. గుడ్డివాడిని నీకేం కావాలని అడుగుతాడు. దారిలో వాదించుకున్న శిష్యులను దేని గురించని అడుగుతాడు.

"అన్నీ తెలిసినవాడికి అడగాల్సిన పనేముంది అత్తయ్యా?"

అత్తగారు దుప్పటి మడతపెడుతూ, "ఆయన తెలుసుకోవడానికి కాదేమోనే. వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పుకోవడానికేమో" అంది.

కొన్నాళ్ళకు లిఫ్టులోకి ఒక కుర్రవాడు ఎక్కాడు. రెండు కళ్ళూ ధారగా కారుతున్నాయి. ఓదార్చమని లిఫ్టక్క లోపల ఏదో మెదిలింది. ఇదే, ఇదే ఆయన మాట అనుకుంది. చటుక్కున అతని చెయ్యి పట్టుకుని, "బాబూ, ప్రభువు నిన్ను మరచిపోలేదు. గుండెలో బరువంతా దించేసుకో" అంది.

కుర్రవాడు తడబడ్డాడు. "బరువేం లేదండీ. కళ్ళలో మందు వేశారు. కాసేపు కారుతుందన్నారు."

లిఫ్టులో ఉన్న నర్సు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది. మిగతావాళ్ళు ఆ మాత్రం మొహమాటం కూడా పడలేదు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక అడిగింది. "ఇంతకీ నువ్వు అతన్ని ఏమైనా అడిగావా, నువ్వే చెప్పేశావా?"

"చెప్పేశాను."

"మరి ఆయన అడిగేవాడన్నావుగా."

లిఫ్టక్క ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టింది. అది నిజమే కదా అనిపించింది.

తర్వాత వచ్చింది ఫ్లాస్కు అమ్మాయి. రోగులను చూసే వేళకు చేతిలో ఫ్లాస్కుతో ఎక్కేది, పై అంతస్తులో దిగేది. కాసేపటికే తిరిగొచ్చి కిందికి దిగిపోయేది. ఒకరోజు లిఫ్టక్క కటకటాల్లోంచి చూసింది. ఆ అమ్మాయి వార్డులోకి వెళ్ళనే లేదు. తలుపుకెదురుగా బల్ల మీద కూర్చుంది. కాసేపు చూసి, ఫ్లాస్కు తీసుకుని లేచింది.

ఎందుకు లోపలికి వెళ్ళదు? ఆ ప్రశ్న లిఫ్టక్కను వదల్లేదు. ముందు తన పాత జబ్బే అనుకుంది. కానీ ఆ జబ్బు సంగతి ఆమెకు బాగా తెలుసు. అది గోల పెడుతుంది, తెలియగానే పదిమందికి చెప్పమంటుంది. ఇది గోల పెట్టడం లేదు. గిన్నెలు తోముతుంటే ఉంది, పొద్దున్నే చదువుతుంటే ఉంది. తనకేదో తెలియాలని కాదు, ఆ అమ్మాయి ఆ తలుపు దాటాలని ఉంది. తేలక, అత్తగారిని అడిగింది.

"అడిగితే ఆ పిల్లకేమైనా చెరుపా?" అని ఎదురడిగింది అత్తగారు.

"చెరుపేం లేదు. ఇష్టం లేకపోతే చెప్పదు."

"మరి నీకు?"

"ఇంకోసారి పరువు పోతుంది."

"పోయిందేగా, మళ్ళీ పోవడానికేముంది?" అంది అత్తగారు.

మర్నాడు లిఫ్టులో ఆ అమ్మాయి ఒక్కతే ఎక్కింది. మీట తిప్పకుండా లిఫ్టక్క మెల్లగా అడిగింది. "ఇవాళ లోపలికి వెళ్తారా అమ్మా, బయటే కూర్చుంటారా?"

ఆ అమ్మాయి ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుంది. "లోపల మా నాన్నున్నాడు. నా పెళ్ళి దగ్గర్నుంచి మాటల్లేవు. ఆపరేషనయిందని పక్కింటివాళ్ళు చెబితే వచ్చాను."

"తిడతాడని భయమా?"

"తిడితే బాగుండు. ఎవరు నువ్వు అంటాడేమోనని."

లిఫ్టక్క నోటిదాకా ఎన్నో మాటలొచ్చాయి. దేవుడు చూసుకుంటాడని, తండ్రి మనసు వెన్నని. అన్నీ మింగేసింది. పై అంతస్తులో ఆపి ఒక్కటే అడిగింది. "నేను పక్కన నడిస్తే వెళ్తారా?"

ఆ అమ్మాయి తలూపింది. అటుగా పోతున్న ఆయాకు, "కాస్త చూస్తుండు పిన్నీ, ఇప్పుడే వస్తా" అని లిఫ్టు అప్పగించి, లిఫ్టక్క ఆమెతో వార్డులోకి నడిచింది.

కిటికీ పక్క మంచం మీద ముసలాయన గోడకు ఆనుకుని ఉన్నాడు. కూతురిని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీ వైపు తల తిప్పి, "ఆ రెక్క మూసెయ్. చలిగాలి కొడుతోంది" అన్నాడు, నిన్నా మొన్నా ఆమె అక్కడే ఉన్నట్టు.

ఆ అమ్మాయి వెళ్ళి మూసింది. మూశాక కూడా గడియ మీద చెయ్యి తియ్యకుండా అటు తిరిగే నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

"ఫ్లాస్కులో ఏముంది?"

"సూపు."

"మరి పొయ్యవే. చల్లారిపోదూ?"

లిఫ్టక్క చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చేసింది. ఆయాకు మీట సరిగ్గా తిరగక జనం మెట్లెక్కుతున్నారు. కింద సూపర్‌వైజరు చేత నాలుగు చీవాట్లు తినాల్సి వచ్చింది. తింది.

సాయంత్రం అంతా చెప్పి, "ఆయన మాటేనంటారా అత్తయ్యా?" అని అడిగింది.

"నాకేం తెలుసు? పోలికలు మాత్రం ఉన్నాయి" అంది అత్తగారు.

ఆ తర్వాత లిఫ్టక్కకు అన్నీ తెలిసిపోయాయని కాదు. చాలా రోజులు లోపల ఏ మాటా మెదిలేది కాదు. మీట తిప్పుతూ అలా కూర్చునేది. మెదిలిన రోజున కూడా, తనదో ఆయనదో తేలేది కాదు. మొన్నొకసారి గంభీరంగా ఉన్న ఓ పెద్దాయనను "ఎవరినైనా చూడ్డానికొచ్చారా తాతగారూ?" అని అడిగింది.

"నీ పని నువ్వు చూసుకో."

"సరేనండీ. ఎన్నో అంతస్తు?"

"మూడు."

మూడో అంతస్తు వచ్చింది. తలుపు జరిపింది. పెద్దాయన దిగలేదు. బయటి నడవాకేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఇందాక ఏదో అడిగావే" అన్నాడు.