మేం ఊరి పేరు దాచిన రోజులు

పెళ్ళయి నాలుగు నెలలు నిండకముందే మేం ఊరు విడిచాం. మా ఆయనది మాచర్ల అవతల, కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో ఉన్న పల్లె. ఆ ఏడు ఎన్నికల్లో ఆయన ఒక పార్టీ తరఫున పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. కూర్చోవాల్సిన వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గితే, నేనుంటానని తనే ముందుకెళ్ళాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినకుండానే పడుకున్నాడు. ఏమైందని అడిగితే ఎండదెబ్బ అన్నాడు.

ఓట్లు లెక్కపెట్టిన రోజు మధ్యాహ్నానికే మా పార్టీ ఓడిందని తెలిసిపోయింది. వీధి చివర టపాకాయలు మొదలయ్యాయి. మా ఎదురింట్లో ఉండే ఆయన మా ఆయనకు వరసకు బాబాయి, గెలిచిన పార్టీ మనిషి. గుమ్మంలో నిలబడి పిలిస్తే వినపడేంత దగ్గర ఇల్లు. అలాంటిది, ఆ రోజు ఫోన్ చేశాడు. మాతో మాట్లాడుతున్నట్టు ఎవరికీ తెలియకూడదనే ఫోన్ చేశాడని నాకు అర్థమైంది.

"ఒరేయ్, కోడల్ని తీసుకుని ఎటన్నా పో. ఈ చుట్టుపక్కల కనపడమాక," అని పెట్టేశాడు.

మా ఆయన నమ్మలేదు. మనల్ని ఖాళీ చేయించి ఇంటి మీద పడడానికే ఈ ఎత్తు అన్నాడు. ఆయన అలా అంటుండగానే నేను సంచిలో బట్టలు కుక్కుతున్నాను. దొడ్డిదారిన బండి బయటికి తీసి, చప్పుడు కాకుండా చేల గట్టున నెట్టుకుంటూ పోయాం. డొంక దాటాకే ఆయన స్టార్ట్ చేశాడు. నేను ఆయన వీపుకు నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాను. వెనక ఏ బండి హారన్ కొట్టినా మా కోసమే అనిపించేది.

ముందు నరసరావుపేటలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. పెదనాన్నకు కిరాణా కొట్టు ఉంది. మొదట్లో బాగానే చూసుకున్నారు. తర్వాత ఒక రోజు ఆయన కొట్టు నుంచి మధ్యలోనే వచ్చి పట్టపగలు వీధి తలుపు గడియ పెట్టాడు. మీ ఇంటికి మాచర్ల వైపు నుంచి చుట్టాలొచ్చారంట కదా అని ఎవరో తెలియని మనిషి అడిగి వెళ్ళాడట. ఆ పూట పెద్దమ్మ నా పళ్ళెంలో పప్పు వడ్డిస్తూ, నా ముఖం చూడకుండా, "కొట్టు రోడ్డు మీద ఉందమ్మా," అంది. మా మూలంగా కొట్టు మీద పడతారని ఆమె భయం. మేం తెల్లారి బయలుదేరాం.

తర్వాత నూజెండ్ల వైపు, మా ఆయన స్నేహితుడి పొలంలో రేకుల షెడ్డు. పైపులు, ఎరువుల బస్తాల మధ్య చాప పరుచుకున్నాం. లోపల గడియ లేదు. తలుపుకు బైండింగు తీగ చుట్టుకునేవాళ్ళం. గొర్రెల కాపరి ఒకాయన రోజూ ఆగి మా వైపు చూసేవాడు. ఎవరంటే కూలికి వచ్చామని చెప్పాం. ఆయన తలూపి వెళ్ళేవాడు గానీ, ఆ చూపు ఎవరి దగ్గరికి చేరుతుందోనని నాకు అన్నం దిగేది కాదు. అక్కడుండగానే మా ఇంటి తలుపులు పగలగొట్టారని, మా వీధిలోనే ఇద్దరికి తలలు పగిలి ఆస్పత్రిలో ఉన్నారని తెలిసింది. బాబాయి అబద్ధం చెప్పలేదని అప్పుడు అర్థమైంది. అయినా మా ఆయన ఆయనకు ఫోన్ చెయ్యలేదు.

అక్కడే నాకు నెల తప్పింది. సంతోషపడాల్సిన మాట. నాలుగు రోజులు ఆయనకు చెప్పలేకపోయాను. పరుగెత్తాల్సి వస్తే ఈ ఒంటితో ఎట్లా అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది. చెప్పాక ఆయన, ఆస్పత్రి ఉన్న ఊళ్ళో ఉండాలి పద అన్నాడు.

అలా మళ్ళీ నరసరావుపేట వచ్చాం. ఈసారి ఊరికి మరో చివర, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు మీద ఒక గది. ఇంటివాళ్ళు ముస్లింలు. ఇంటాయన మెకానిక్కు. ఇంటావిడ్ని నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఏ ఊరమ్మా అని ఆవిడ అడిగితే దుర్గి అని వేరే ఊరు చెప్పాను, మా పేర్లూ మార్చి చెప్పాం. మా ఆయన విత్తనాల కొట్టులో పనికి కుదిరాడు. నేను గది దాటేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం కింద గుడ్డ అడ్డుపడ్డట్టు, ఎవరిదో పోల్చుకోలేని మగగొంతు వినిపించింది. మా ఊరి పేరు చెప్పి, మా ఆయన పేరు చెప్పి, ఇక్కడుంటారంట కదా అని అడుగుతోంది. నేను బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. దారిలోనే ఆయన్ని ఏదో చేసి ఇటు వచ్చారనుకున్నాను. ఆ కాసేపట్లో నేను విధవనైపోయినట్టే ఏడ్చాను, చప్పుడు లేకుండా. కింద ఇంటావిడ గొంతు మాత్రం నిదానంగా ఉంది. అట్టాంటోళ్ళు ఎవురూ లేరని చెబుతోంది.

తర్వాత మెట్ల మీద అడుగులు. "బయటికి రామ్మా. ఒక్కడే ఉన్నాడు. పెద్దాయన. మీ కాగితాలేవో తెచ్చాడంట," అంది ఆవిడ తలుపవతల నుంచి.

బాబాయి. రెండు బస్సులు మారి వచ్చాడట. తలకు తువ్వాలు చుట్టుకుని, ముఖం సగం కప్పుకుని ఉన్నాడు. చంకలో ప్లాస్టిక్ కవరు. మా ఆధార్ కార్డులు, ఆయన పొలం కాగితాలు, నా డిగ్రీ సర్టిఫికెట్లు అందులో ఉన్నాయి. ఇల్లు పగలగొట్టిన రోజే లోపలికి దూరి తీసి దాచాడట. ఆయన మంచినీళ్ళు తాగుతూ కూడా మెట్ల వైపే చూశాడు. అప్పుడు చూశాను, ఆయన కూడా భయపడుతున్నాడు.

"నేనొచ్చినట్టు ఎవురికీ చెప్పమాకమ్మా. మావోళ్ళకి తెలిస్తే నన్నూ బతకనియ్యరు," అని, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. మా అడ్రసు ఆయనకిచ్చింది మా పెద్దమ్మేనట, ఆమెకొక్కదానికే మేం చెప్పి ఉంచాం.

మా ఆయన సాయంత్రం ఎప్పట్లాగే వచ్చాడు. ఫోన్ చార్జింగులో పెట్టి గోడౌనులో పని చేస్తున్నాడట. నేను ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. ఆ రోజే ఇంటావిడకు నిజం చెప్పేశాం, ఖాళీ చెయ్యమంటుందని సంచి కూడా సర్దుకుని. ఆవిడ విని, "నాకు మొదట్లోనే తెలుసు. నువ్వు దుర్గి అన్నావు, మీ ఆయన గురజాల అన్నాడు. ఎవుర్నుంచో దాక్కున్నారని మా ఆయనతో అప్పుడే అన్నా," అంది. సంచి విప్పమంది.

పాప అక్కడే పుట్టింది. తర్వాత మా ఊళ్ళో పెద్దలు రెండు పార్టీల వాళ్ళకూ రాజీ చేశారు. మా ఆయన ఒక్కడే వెళ్ళి ఇల్లు చూసొచ్చాడు. ఆ రోజంతా నేను పాపను ఒళ్ళోంచి దించలేదు. తిరిగొచ్చి, బాబాయి ఇంట్లోనే అన్నం తిన్నానని, ఇక ఎవరూ ఏమీ అనరని చెప్పాడు. వెళ్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. పక్క వీధిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, మా పేర్లు మావిగానే చెప్పుకుని చేరాం. ఇనప బీరువా కొన్నాం. నలుగురు మోసుకొచ్చి పెట్టారు. దాన్ని బండి మీద కట్టుకుని పారిపోలేం అన్నాడు మా ఆయన నవ్వుతూ.

పాపకిప్పుడు మాటలొచ్చాయి. ఎవరైనా తలుపు తడితే గడియ తీయకుండా, నాలాగే గొంతు తగ్గించి రెండుసార్లు ఎవరని అడుగుతుంది. అదొక ఆట అనుకుంటోంది. ఆ అలవాటు మాన్పించాలని ఉంది నాకు. ఎలాగో తెలియడం లేదు.