గుట్టను చుట్టి వచ్చే పొగ

మొన్న మనవడు ఫోను చూసి రేపు కోయంబత్తూరులో గాలి బాగుంటుందని చెబితే, ఓపిక లేకపోయినా నవ్వుకున్నాను. మిల్లు కాలంలో ఆ మాట చెప్పే పని నాది మరి. పెద్ద ఇంజనీరు కూడా పొగ ఎటు పోతుందో నన్నడిగే తెలుసుకునేవాడని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకొచ్చాను గానీ, అది వట్టిదే. బాయిలరులో బొగ్గు వేసే నా పేరు కూడా ఆయనకు తెలియదు. అడిగేది మా అక్క ఒక్కతే.

ఆ వీధిలో పెరిగిన మీకూ గుర్తుండే ఉంటుంది, మిల్లు గుట్టకు ఆవల, మన తెలుగువాళ్ళ వీధి ఈవల. ఎండ కాస్తే పొగ గుట్ట మీదుగా దాటిపోయేది. చలికి గాలి కదలని తెల్లవారుజామున మాత్రం, ఎక్కలేక రెండుగా చీలి, గుట్టను చుట్టి వచ్చి మా వీధిలో కలుసుకునేది. ఉబ్బసం ఉన్న అక్కకు అది ప్రాణగండం. ముందే తెలిస్తే సాయంత్రమే గుట్ట మీద ఉండే పిన్ని ఇంటికి చేర్చేవాళ్ళం. పొగ అంత ఎత్తుకు వచ్చేది కాదు.

"ఏమ్రా తంబీ, రేపు పొగ ఏ పక్కం?" అనేది అక్క. నేను వేలు తడిపి గాలికి పట్టి, ఆకాశం చూసి, గంభీరంగా చెప్పేవాణ్ణి. నిజానికి చలి దిగుతుంటే ముందుగా తెలిసేది అక్క రొమ్ముకే. పక్కగదిలో ఆమె దగ్గు విని చెప్పేవాణ్ణి, అంతే.

ఒక సాయంత్రం దగ్గు వినబడలేదు. పొగ దాటిపోతుందిలే అన్నాను. మదురై మిల్లులో పనిచేసే బావ సెలవుకు ఇల్లు చేరిన రోజది. తెల్లారేసరికి వీధి నిండా పొగ. ఊపిరాడని అక్కను బావా నేనూ చేతుల మీద గుట్టెక్కించాము.

పైన కాస్త తేరుకున్నాక అక్క నన్ను చూసి, "నా దగ్గే నీ పంచాంగమని నాకు తెల్దారా? మీ బావ వచ్చిన పూట పిన్ని ఇంటికి పంపేస్తారని కొంగు నోట్లో కుక్కుకొని ఉంటిని" అంది.

"బాగుందిరా మీ అక్కాతమ్ముళ్ళ జోస్యం!" అని బావ రొప్పుతూ కూలబడ్డాడు.

మిల్లు మూతబడింది. పొగగొట్టం కూల్చేశారు. అక్కా లేదు. ఫోను చెప్పేది నిజమే కావచ్చు. అయినా చలి దిగే సాయంత్రాల్లో నేను ఆకాశం వంక చూడను, చెవి మాత్రం దానంతటదే పక్కగది వైపు తిరుగుతుంది.