రాళ్ళక్క కట్టిన గోడ

పొడవాటి రాయిని ఒడిలోకి లాక్కుని, దాని పొడవంతా కొండలోకి దూరేలా పెట్టింది రాళ్ళక్క. బయటికి కనిపించింది బెత్తెడు మొన మాత్రమే.

"అయ్యో వదినా, అంత చక్కటి రాయి! అడ్డంగా పెడితే గోడకి అందం, నీకు సగం పని తప్పేది" అన్నాడు రాళ్ళు అందిస్తున్న మరిది.

"అందంగా కట్టిన గోడే కదయ్యా, పోయిన వానలకి నీ పొలాన్ని వాగులో కలిపింది? అది కట్టిన మేస్త్రీ ఎవరో?"

ఆ గోడ కట్టిన మరిది, తల వంచి ఇంకో రాయి వెతకసాగాడు. తోటికోడలు పక్కున నవ్వింది. "అడుగక్కా, గట్టిగా అడుగు. నేనడిగితే ఆయనకి చెవుడొస్తుంది."

నవ్విందే గానీ, ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. ఆ కొండవాలున పొలాలన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒక్కో మెట్టునీ ఒక్కో రాతిగోడ మోస్తుంది. గోడ పడితే మట్టి జారిపోతుంది, మిగిలేది బండ. వాళ్ళకున్నది ఈ ఒక్క మెట్టే. జారిన మట్టిని వాగొడ్డు నుంచి బుట్టలతో మళ్ళీ పైకి మోశారు మొగుడూ పెళ్ళాలు. ఈసారీ నిలవకపోతే కొండ దిగి కూలికి పోవడమే.

రాళ్ళక్కకి ఈ పని ఎవరూ నేర్పలేదు. గోడలు కట్టే మామగారు కొత్తకోడలిని సుత్తి ముట్టనివ్వలేదు. దాంతో ఆవిడ కూలిన గోడల వెంట పడింది. కట్టెల కోసం వెళ్ళినప్పుడల్లా ఆ రాళ్ళు ఒక్కొక్కటే తీసి, ముందు జారిందేది, ఎందుకు జారింది అని వెతికేది. చివరికి పెరటిగోడ ఒరిగినప్పుడు ఆ మామగారే, "కోడలు పిల్లా, ఓసారి చూసి పెట్టమ్మా" అని సుత్తి చేతికిచ్చాడు.

పైవరస పేర్చకముందే కుండపోతగా వాన దిగింది. ముగ్గురూ గోనెలు కప్పుకుని పక్కకి జరిగారు. గోడ సందుల్లోంచి ఎర్రనీళ్ళు కారడం మొదలైంది.

"పోయింది! మట్టంతా పోతోంది!" మరిది ముందుకురికాడు.

రాళ్ళక్క అతని చొక్కా పట్టి లాగింది. "ఆగవయ్యా! గోడ వెనక గులకరాళ్ళు ఊరికే పోశానా? నీళ్ళని వదిలి, మట్టిని పట్టుకోవాలనేగా!"

అన్నదే గానీ, ఆవిడ చూపు ఆ నీళ్ళని వదల్లేదు. వాన ఇంకా గట్టిపడింది. నీళ్ళలో ఎరుపు పలచబడింది. ఇంకాసేపటికి నీళ్ళు తేటబడ్డాయి. తోటికోడలు దోసిలి పట్టింది. ఆ నీళ్ళలోంచి ఆమె అరచేతి గీతలు కనిపించాయి.

"అక్కా! మట్టేదీ?"

"ఎక్కడుండాలో అక్కడే ఉంది. నీ పొలంలో!"

తోటికోడలు వేసిన కేకకి కింది మెట్లలో తలదాచుకున్న వాళ్ళంతా బయటికొచ్చి చూశారు.

వాన వెలిశాక పైవరస మొదలైంది. ఆఖరి రాయిని మరిదే ఎత్తాడు. అడ్డంగా పెట్టబోయి ఆగి, మొన మాత్రమే బయటికొచ్చేలా దాన్ని తిప్పాడు.

"పొడవు కొండలోకే కదా, వదినా?"

"ఆలస్యమైనా అబ్బింది!" అంటూ రాళ్ళక్క దాన్ని సుత్తితో బిగించింది. గోడెక్కి ఈ కొస నుంచి ఆ కొస దాకా బరువుగా అడుగులేస్తూ నడిచింది. ఒక్క రాయీ కదల్లేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, కిందికి చెయ్యి చాపింది.

"రావే, నీ పొలం నువ్వు చూసుకో."

తోటికోడలు విత్తనాల బుట్ట చంకనెత్తుకుని, ఆ చెయ్యి పట్టుకుని పైకెక్కింది.