మందలో సైకిల్

రాజస్థాన్ ఎడారి నుంచి సైకిల్ మీద వేంపల్లెలోని మా ఇంటికి వస్తూ, ఒక చలికాలపు సాయంత్రం కోడుమూరు దాటాను. ఎడారిలో రాని ఏడుపు అక్కడ వచ్చింది. గొర్రెల మందకు కాపలా ఉన్న మూడు కుక్కలు వెంటపడ్డాయి. ఎంత తొక్కితే అంత దగ్గరయ్యాయి.

"యాటికి పోతాండావప్పా? దిగు! పారిపొయ్యేదాన్నే పట్టుకుంటాయి," అని కాపరి అరిచాడు.

దిగాను. సైకిల్‌ను కుక్కలకు అడ్డం పెట్టుకున్నాను.

"గొర్రెల్లోకి రా. మందలో ఉండేదాన్ని ముట్టవు."

"నేను గొర్రె కాదని తెలీదా వాటికి?"

"నోరు తెరిస్తే తెలుస్తాది."

తన గొంగడి తీసి నా మీద కప్పాడు. ఊపిరి బిగబట్టి, సైకిల్ తోసుకుంటూ గొర్రెల మధ్య నడిచాను. రోడ్డు చీలినచోట గొంగడి తిరిగిచ్చి సైకిలెక్కబోతే, ఇందాక నా పిక్క మీదికి దూకిన నల్లకుక్కే వచ్చి, మందలోకి మళ్లమన్నట్టు అడ్డం నిలబడింది.

అంత ప్రయాణంలో నన్ను పోవద్దన్నది అదొక్కటే.